ప్రాచీన ఫ్రెంచి న్యాయగ్రంథముల సేకరణ

పుస్తకములను సేకరించువారు పలు విధములుగా నుందురు. కావ్యముల ప్రథమ ముద్రణములకై వెదకువారు కొందఱు. చిత్రములతో గూడిన యాత్రాగ్రంథములను కూర్చువారు కొందఱు. అమలులో లేని చట్టముల పుస్తకములను వెలయిచ్చి కొనువారును గలరన్న, వినువారికి వింతగా తోచును. రద్దయిన చట్టముతో న్యాయవాదికి పని లేదు. రసికునకు అందు కవిత్వమును దొరకదు. అయినను ఫ్రాన్సు దేశపు పాత న్యాయగ్రంథములను వెదకి కాపాడినవారు చరిత్రకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. దానిని వివరించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

పూర్వము ఫ్రాన్సునకు రాజు ఒక్కడైనను చట్టము ఒక్కటి కాదు. దక్షిణమున రోమను ధర్మము చెల్లుచుండెను. ఉత్తరమున ఏ సీమ ఆచారము ఆ సీమకు ప్రమాణము. మన దేశమున వంగసీమకు దాయభాగమును, మనవంటి సీమలకు మితాక్షరయు ప్రమాణములైనట్లే యని తలపవచ్చును. ఈ ఆచారములు చిరకాలము పెద్దల నోటనే నిలిచియుండెను. ఫిలిప్ ద బోమానువార్ అను న్యాయాధికారి బోవే సీమ ఆచారములను 1283లో గ్రంథముగా రచించెను. 1454లో ఏడవ చార్లెసు రాజు ఎల్ల సీమల ఆచారములను వ్రాతలో నుంచవలెనని శాసించెను. పారిసు ఆచారధర్మము 1510లో లిఖితమై, 1580లో సంస్కరింపబడెను.

ఈ వ్రాతపని జరిగిన తీరు గమనింపదగినది. రాజప్రతినిధులు సీమకు వచ్చి, మతగురువులను, ప్రభువులను, సామాన్యజనుల ప్రతినిధులను సభ చేర్చి, ఒక్కొక్క నిబంధనను చదివించి సమ్మతి గైకొనుచుండిరి. ఆ సభకు వచ్చినవారి పేరులును, వారు తెలిపిన ఆక్షేపణలును అచ్చుపుస్తకముల తుదిని పెక్కింట చేర్చబడియున్నవి. కావున అవి కేవలము శాసనములు గావు; ఆయా సీమల జనులు తమ బ్రదుకును గూర్చి తాము చెప్పుకొనిన వాఙ్మూలములు.

ఇందు ఒక్క ఉదాహరణము చాలును. పారిసు ధర్మమున సామాన్యకుటుంబములలో కుమారులకు, కుమార్తెలకు సమభాగము. నార్మండీలో కుమారులున్నచో కుమార్తెలకు దాయభాగము లేదు. పెండ్లినాటి కట్నముతోనే తృప్తి నొందవలెను. భర్త వివాహదినము నాటికి కలిగియున్న స్థిరాస్తిలో సగమును పారిసు విధవ జీవితాంతము అనుభవింపవచ్చును. ఆ కాలపు స్త్రీ స్థితిని ఎఱుగగోరువారికి రాజుల యుద్ధచరిత్రలకన్న ఈ పుస్తకములే శరణ్యములు. బూర్డో ద రిష్‌బూర్ అను న్యాయవాది ఈ ఆచారముల నెల్ల సమకూర్చి 1724లో నాలుగు పెద్ద సంపుటములుగా ప్రకటించెను.

తరువాత విప్లవము వచ్చెను. 1789 నవంబరు 2న మతసంస్థల ఆస్తి జాతిపరమయ్యెను. మఠముల గ్రంథములు ప్రభుత్వపు కొట్లకు చేరెను. 1793 జులై 17 నాటి శాసనము ప్రభువుల హక్కుపత్రములను కాల్చుడని ఆదేశించెను. రైతులపాలిట అవి దాస్యపత్రములు. వారి కోపము న్యాయమైనదే. కాని ఆ మంటలలో చరిత్రయు కొంత దగ్ధమయ్యెను. తుదకు 1804 మార్చి 21న 2281 నిబంధనలతో పౌరస్మృతి వెలువడెను. అది చేపట్టిన విషయములందు రోమను ధర్మమును, సీమల ఆచారములును ఇక చెల్లవని ఆనాటి శాసనమే పలికెను. అంతవఱకు న్యాయవాది బల్లపై నుండిన గ్రంథములు దానితో చిత్తుకాగితములకు సమీపమునకు వచ్చినవి.

అందుచేతనే నేడు అవి అరుదైనవి. సేకరించువాడు మొదట చూడవలసినది తోలు అట్ట అందము కాదు, ముఖపత్రము. పౌరస్మృతి తొలి అధికార ముద్రణమున గణతంత్ర ప్రభుత్వ ముద్రాలయము పేరును, విప్లవ శకమున పండ్రెండవ సంవత్సరమును కానవచ్చును. 1807లో అది నెపోలియన్ స్మృతి యయ్యెను. ఆయన పతనానంతరము 1816లో మరల పౌరస్మృతి యయ్యెను. 1852లో నెపోలియన్ పేరు తిరిగి వచ్చెను. శీర్షికయే ఆనాటి రాజ్యమును చెప్పును.

అంతకన్న విలువైనవి అంచులలోని చేతివ్రాతలు. 1808లో అమెరికాలోని లూసియానాకు ఫ్రెంచి, ఆంగ్ల భాషలలో ఒక న్యాయసంగ్రహము ఏర్పడెను. దాని కర్తలలో ఒకడగు మోరో లిలే ఏ నిబంధన ఏ మూలమునకు సంబంధించినదో వ్రాసియుంచిన ప్రతి యొకటి ద లా వెర్న్ కుటుంబమున నిలిచి, 1968లో యథాతథముగా అచ్చయ్యెను. ఆ చట్టమునకు మూలము ఫ్రెంచి ధర్మమా, స్పానిషు ధర్మమా యని పండితులు చేయు వాదమునకు ఆ వ్రాతలు ముఖ్యసాక్ష్యములైనవి. ఒక కుటుంబము ఒక పుస్తకమును పారవేయకుండుటచే కలిగిన ఫలమిది.

ఫ్రెంచి న్యాయమునకు తెలుగునేలతోను సంబంధము గలదు. గోదావరీతీరమున యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1819 జనవరి 6 నాటి ఉత్తరువు ఫ్రెంచి స్మృతులను పుదుచ్చేరి మొదలగు స్థానములందు ప్రవేశపెట్టి, భారతీయులకు మాత్రము వారివారి ఆచారములనే ప్రమాణముగా నుంచెను. ఆ ఆచారములను ఎఱుగుటకు న్యాయమూర్తులు గ్రంథముల నాశ్రయింపవలసి వచ్చెను. కావుననే పుదుచ్చేరి న్యాయస్థానమునకు చెందిన ఓరియాన్, విజ్ఞానేశ్వరుని మితాక్షరలోని దాయవిభాగమును ఫ్రెంచిలోనికి మార్చి 1844లో పారిసున ప్రకటించెను. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణమున పుట్టిన గ్రంథము సముద్రము దాటి ఫ్రెంచి న్యాయగ్రంథములలో చేరెను. అట్టి ప్రతి దొరకినచో అది వారి నిధియు, మన నిధియు గూడ.

అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము తాను కూర్చిన ఫ్రెంచి ఆచారగ్రంథములకు 1977లో వివరమైన పట్టికను ప్రచురించెను. ధనమున్న సంస్థలు అట్టి పని చేయగలవు. అయితే కాపాడుబుద్ధికి ధనమే మూలము కాదు. మన గ్రామములందును పాత దస్తావేజులు, కరణపు లెక్కలు, పరిష్కారపత్రములు అటకలపై చెదల పాలగుచున్నవి. అవి నేడు చెల్లవు. అందుచేతనే మొదట పారవేయబడును. చెల్లుబాటు తీరిన కాగితమునకు చరిత్రలో చెల్లుబాటు అప్పుడే ఆరంభమగునని ఫ్రెంచి గ్రంథములు బోధించుచున్నవి. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము అట్టి కాగితములకు ఒక బీరువా కేటాయించినచో, రజతోత్సవమునకు అంతకుమించిన గుర్తు వేఱొకటి యుండదు.