గురి కుందాలో ఉంది

అక్టోబరు మొదటి వారం వన్యప్రాణి వారోత్సవాలు. ఏటా ఈ రోజుల్లో పాత షికారు ఫొటోలు మళ్లీ బయటికొస్తాయి. నేలన పడున్న పులి, వెనక దొరలూ నవాబులూ, చేతుల్లో రైఫిళ్లు. నా చూపు మాత్రం ఆ రైఫిళ్ల కర్ర మీదికే పోతుంది. ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల వేట చరిత్రలో ఎవరూ పేరెత్తనిది ఆ కర్రనే.

ఇనుము సంగతి అందరికీ తెలుసు. గోదావరికి ఇటూ అటూ ఊరూరా చిట్టెం కుప్పలున్నాయి. ఆ ప్రాంతంలోని కోనసముద్రం ఊరి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1820ల్లో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ ఆ కొలుములను కళ్లారా చూసి రాసిపెట్టాడు. 2010లో జైకిషన్, గిల్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్ వంటి పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి ఆ ఆనవాళ్లను నమోదు చేశారు. 18వ శతాబ్దంలో నిర్మల్‌లో ఫిరంగులు పోతపోశారు. ఆ తర్వాత నూరేళ్లూ గొట్టంలో మందు కూరి కాల్చే నాటు తుపాకులదే రాజ్యం.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలానికి షికారు దర్బారు వేడుకైంది. ముప్పై పులులను మించి చంపాడని ఆయన్ను ‘తీస్ మార్ ఖాన్’ అనేవారట. ఆ వైభవాన్ని రాజా దీన్ దయాళ్ కెమెరాలో బంధించాడు. పొగలేని మందు వచ్చింది, దాని వెంట మ్యాగజీన్ రైఫిళ్లు వచ్చాయి. కర్ర పనితనం అసలు తేలింది అప్పుడే.

భుజానికి ఆనే మడమ మొదలు బ్యారెల్ కింద చేయి పట్టేదాకా ఉన్న కర్రంతా కుందాయే. తూటా పేలగానే ఇనుము వెనక్కి తన్నుతుంది, బ్యారెల్ అదురుతుంది. ఆ అదురు ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటే గుండ్లు ఒకేచోట పడతాయి. ఇనుము కర్రలో ఏ కొంచెం కదిలినా, ఉబ్బిన కర్ర బ్యారెల్‌ను ఓ పక్క నుంచి నెట్టినా గుండు దారి మారుతుంది. కుందాకు మేలైనది అక్రోటు కర్ర. అది పొడవునా పెద్దగా మారదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇక్కడేమో నాలుగు నెలలు వానలు, ఎండాకాలం 45 డిగ్రీల వేడి. వానల్లో పెట్టెలో పడుకున్న రైఫిల్ పులి వేట ముదిరే ఏప్రిల్, మే నెలల్లో బయటికొచ్చేది. అప్పటికి మరలు వదులయ్యేవి, కిందటి ఏడు కుదిరిన గురి పోయేది.

దానికి మందు తుపాకీ మిస్త్రీ చేతిలో ఉంది. ఈ పని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. దీపం మసిని నూనెలో కలిపి ఇనుము అడుగున పలచగా పూస్తారు. దాన్ని కర్రలో కూర్చోబెట్టి, మరలు బిగించి, మళ్లీ విప్పుతారు. మసి అంటినచోట కర్ర ఎత్తుగా ఉందన్నమాట. అక్కడ మాత్రమే ఉలితో పొరలు పొరలుగా గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ బిగింపు. ఇనుము అడుగంతా కర్రకు సమానంగా ఆనేదాకా ఇదే వరస. అన్నిటికన్నా ముఖ్యం ఇనుము అడుగున పొడుచుకొచ్చే రికాయిల్ లగ్ ఆనే గోడ. తన్ను దెబ్బంతా కాసేది అదే గనక అక్కడ సందు మిగలకూడదు. తొందరపడి ఎక్కువ గీకితే పోయిన కర్ర తిరిగి రాదు, పలచని చెక్క ముక్క అతికించి మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. చివరికి తేమ చొరకుండా లోపలి గాడికి కూడా అవిసె నూనె పట్టించాలి. బాగుచేయలేనంతగా పగిలిన కుందాకైతే అతుకులతో పని జరగదు, కొత్త కర్రలో ఇదంతా మళ్లీ చెక్కాల్సిందే.

ఇంత చాకిరీ దేనికంటే, హాకా కోసం. డప్పులు కొడుతూ, కేకలేస్తూ పులిని మంచె వైపు తోలేది గోండు, కోలాం గూడేల మనుషులు. చాలామందికి అది వెట్టి. నూరు గజాల్లో ఆరంగుళాలు పక్కకు కొట్టే రైఫిల్ నలభై గజాల్లో దాదాపు రెండున్నర అంగుళాలు తప్పుతుంది. మునిమాపు వేళ, కదిలే జంతువు మీద, వణికే చేతికి ఆ తేడా కూడా తోడైతే గుండు గుండెకు బదులు పొట్టలో దిగుతుంది. గాయపడ్డ పులి పొదల్లో దూరితే దాని ఎదుట పడేది కాలినడకన ఉన్నవాళ్లే. మిస్త్రీ సరిగ్గా గీకిన కర్ర మంచె మీద దొరకన్నా కింద ఉన్న గోండుకే ఎక్కువ అక్కరకొచ్చింది. ఆ ఫొటోల్లో దొర పేరుంటుంది, మిస్త్రీ పేరుండదు, గోండు పేరూ ఉండదు. ఇది నాకు ఎప్పుడూ బాధే.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. 1950ల నుంచి విదేశాల్లో మసి, ఉలి స్థానంలోకి ఫైబర్ గ్లాసు కలిపిన ఎపాక్సీ వచ్చింది. ఇనుమును ఆ ముద్దలో కూర్చోబెడితే దాని అచ్చు అలాగే గట్టిపడుతుంది. తర్వాత తేమకు ఉబ్బని ఫైబర్ కుందాలూ వచ్చాయి. మన దగ్గర ఈషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ కర్ర కుందాతోనే పొలాలకు చేరింది. 1970లో పులి వేటను నిషేధించారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత దొరల గడీల్లో తుపాకీ ఉండటమే ప్రమాదమైంది. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. 2020 నవంబరులో కుమురం భీం జిల్లాలో పులి ఇద్దరిని చంపిన తర్వాత అటవీ సిబ్బంది దాన్ని పట్టడానికి మత్తు సూదుల తుపాకులతో గాలించారు.

పంటల మీద పడే అడవి పందులను అనుమతితో, గుర్తింపు పొందిన షూటర్ల చేత కాల్పించే ఏర్పాటు ఇప్పుడు తెలంగాణలో ఉంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాకు వెళ్లి వారాల తర్వాత తిరిగొస్తాయి. ఈలోగా కర్ర ఎంత మారిందో ఎవరూ చూడరు. గాయపడ్డ పంది రైతు మీదికే వస్తుంది. అనుమతి ఇచ్చే అధికారులు లైసెన్సు కాగితంతో పాటు రైఫిల్ కుందా మరలు బిగువుగా ఉన్నాయో లేదో, గుండ్లు ఒకేచోట పడుతున్నాయో లేదో కాల్పుల మైదానంలో చూపించమని అడగాలి.