ముకబ్బిరు గొంతు నుండి లౌడుస్పీకరు దాకా

హిజ్రీ 10వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 632లో, అరఫాత్ మైదానంలో మన ప్రవక్త (స) చివరి హజ్ ప్రసంగం చేసినప్పుడు మైకు లేదు. జనమేమో ఇసుక వేస్తే రాలనంత. ప్రవక్త (స) ఒక్కొక్క మాట చెప్పగా, గట్టి గొంతు గల రబీఆ బిన్ ఉమయ్య దాన్ని బిగ్గరగా జనానికి అందించారని ఇబ్న్ ఇస్‌హాక్ సీరత్‌లో ఉన్నది. ప్రవక్త (స) జబ్బుతో కూర్చుని నమాజు చేయించినప్పుడు హజ్రత్ అబూబకర్ (ర) తక్బీరును వెనుకవారికి వినిపించారని హదీసు చెబుతుంది. ముకబ్బిరు అనే ఏర్పాటుకు మూలం ఇదే. కైరోలోని సుల్తాన్ హసన్ మస్జిదు వంటి పెద్ద మస్జిదులలో ఆ మనిషి నిలబడటానికి రాతి అరుగే కట్టారు. గొంతు అందని చోట ఇంకో గొంతును నిలబెట్టడం అన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉన్నది.

లౌడుస్పీకరు పుట్టింది అమెరికాలో. పీటర్ జెన్‌సన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో తయారు చేసిన యంత్రాన్ని 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు ముందు పెట్టి వేలాది జనానికి పాటలూ ప్రసంగాలూ వినిపించారు. 1919లో ప్రెసిడెంటు విల్సన్ శాన్‌డియాగోలో దీని ద్వారానే మాట్లాడాడు. 1925లో రైస్, కెలాగ్ అనేవారు కాగితపు శంకువుతో పని చేసే స్పీకరు రూపం ఇచ్చారు. ఈనాటి బాక్సులన్నీ దాని సంతానమే.

మస్జిదులోకి ఇది అంత తేలికగా రాలేదు. సింగపూర్ సుల్తాన్ మస్జిదులో 1936లోనే అమర్చారు గానీ, మన ఉలమాల మధ్య చాలాకాలం చర్చ నడిచింది. యంత్రంలో వచ్చేది ఇమాము గొంతేనా, లేక కొండకు తగిలి వచ్చే ప్రతిధ్వని వంటిదా? ప్రతిధ్వనైతే దాని వెంట రుకూ, సజ్దా చేస్తే నమాజు చెల్లుతుందా? ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ ఈ ఒక్క విషయం మీదనే ఉర్దూలో పుస్తకం వ్రాశారు. నమాజు చెల్లదన్న మొదటి అభిప్రాయాన్ని తరువాత మార్చుకున్నారు కూడా. మన పెద్దలు సైన్సుకు దూరమని తేలికగా అనేవారు ఆ చర్చను ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇక గానసభల సంగతి. 1965 ఆగస్టు 15న న్యూయార్కు షియా స్టేడియంలో బీటిల్స్ బృందం పాడితే 55,600 మంది వచ్చారు. వారి గొంతులు స్టేడియం సొంత స్పీకర్ల నుంచే వచ్చాయి. జనం కేకల్లో పాడేవారికే తమ పాట వినపడలేదు. 1969లో ఉడ్‌స్టాక్‌లో బిల్ హాన్లీ స్పీకర్లను ఎత్తయిన మంచెల మీదికెక్కించాడు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం వందలాది స్పీకర్లను గోడలాగా పేర్చి తమ వెనుకే నిలబెట్టుకున్నది. జనం విన్నదే పాడేవారూ వినాలని. గోడ గొప్పగా పలికింది కానీ మోయలేక ఆ ఏడాదితోనే వదులుకున్నారు.

నా దృష్టిలో మనకు పనికివచ్చే పాఠం వీటిలో కన్నా లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో ఎక్కువ ఉంది. పెద్ద గుమ్మటం, ఒక మాట పలికితే పది సెకన్లకు పైగా మోగుతూనే ఉండే కట్టడం. 1951 ప్రాంతంలో పార్కిన్, టేలర్ అనే ఇంజనీర్లు అక్కడ హారన్లు గుప్పించలేదు. స్పీకర్లను నిలువుగా ఒకదానిపై ఒకటి పేర్చి 11 అడుగుల స్తంభాలు చేశారు. నిలువు స్తంభం శబ్దాన్ని పక్కలకు వెడల్పుగా పరుస్తుంది, పైకీ కిందికీ పోనివ్వదు. గుమ్మటానికి పోయే శబ్దం తగ్గింది, మనుషుల చెవులకు మాట చేరింది. 1992లో ఫ్రాన్సులో క్రిస్టియన్ హైల్ తెచ్చిన, పెద్ద సభల్లో వేలాడదీసే స్పీకర్ల వరుసలకు సూత్రం ఇదే. మన మైకు సెట్టు కుర్రాళ్ళు మాత్రం కాలమ్ స్పీకరును బల్లమీద అడ్డంగా పడుకోబెడతారు! అప్పుడు అది చేయవలసిన దానికి సరిగ్గా వ్యతిరేకం చేస్తుంది.

మన జల్సాలలో ఏమవుతున్నది? ముందు వరుసలో పిల్లలు చెవులు మూసుకుంటారు. కనాతు అవతల ఉన్న ఆడవారికి తక్రీరులో ఒక్క ముక్కా తెలియదు. ఏటేటా మా అమ్మలూ అక్కచెల్లెళ్ళూ దువా వేళకు "ఆమీన్" అనడానికి మాత్రమే వస్తున్నట్టున్నది. వాల్యూము పెంచితే ఇది పోదు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్సు తగ్గుతుంది. 10 అడుగుల నుండి 160 అడుగులకు పోయేసరికి 24 తగ్గిపోతాయి. చివర 80 వినిపించాలంటే ముందున్న పసిపిల్లల చెవిలో 104 పడాలి. ఇది ఎవరికీ న్యాయం కాదు. హారను మాటను దూరం విసురుతుంది నిజమే, కవ్వాలీ పెడితే తబలా బాయా, హార్మోనియం మంద్రం అందులో చచ్చిపోతాయి. మాటకు కాలమ్, పాటకు బాక్సు. రెండూ మైకు కన్నా ముందుకు, జనం తలల కన్నా ఎత్తులో. మైకు వెనుక పెడితే కూత తప్పదు.

వెనుక వారికి విడిగా ఒక చిన్న బాక్సు పెట్టాలి. ఇక్కడే ముకబ్బిరు గుర్తుకు రావాలి. ముకబ్బిరు ఇమాము కన్నా ముందు పలకడు గదా! తీగలో విద్యుత్తు కన్ను మూసి తెరిచేలోగా వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 1,100 అడుగులే నడుస్తుంది. అంచేత వెనుక బాక్సు ముందే పలికేస్తుంది, వేదిక శబ్దం తరువాత వచ్చి మాట రెండుగా వినబడుతుంది. సెయింట్ పాల్స్ వారు తిరిగే అయస్కాంత యంత్రంతో వెనుక స్పీకర్లను ఆలస్యంగా పలికించారు. రెండు శబ్దాలూ సుమారు 30 మిల్లీసెకన్ల లోపున వస్తే చెవి వాటిని ఒకటిగానే తీసుకుంటుందనీ, ముందు వచ్చిన దిక్కునుంచే విన్నట్టు భావిస్తుందనీ 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు చూపించాడు.

రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకరు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వం కొన్ని పండుగ రోజులకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. పరీక్షకు చదువుకునే పొరుగు పిల్లవాడికి మన కవ్వాలీ ఎంత మంచిదైనా గోలే. వెనుక చిన్న బాక్సు ఉంటే ముందు వాల్యూము తగ్గించవచ్చు, వీధికి పోయేదీ తగ్గుతుంది.

ఆ ఆలస్యం సౌకర్యం ఈనాడు చాలా డిజిటల్ మిక్సర్లలో ఉంటున్నది. మైకువాణ్ణి మాట్లాడుకునే రోజే అడిగి తెలుసుకోవాలి. వేదిక స్పీకరు నుండి కనాతు దగ్గరి బాక్సు దాకా టేపుతో కొలవండి. 55 అడుగులుంటే 50 మిల్లీసెకన్లు, 110 అడుగులుంటే 100. దానికి మరో పది కలపమనండి, అప్పుడు మాట వేదిక మీది మనిషి నోటినుంచే వస్తున్నట్టు ఉంటుంది.