హత్యావార్తలో మనం ఎవరి పక్షం? - నానావతి కేసు పునఃపరిశీలన

1959లో బొంబాయి వీధుల్లో చిల్లర వ్యాపారులు రెండు కొత్త సరుకులు అమ్మారు. ఒకటి 'నానావతి రివాల్వర్' అనే ఆట తుపాకి. రెండవది 'ఆహుజా తువాలు'. మొదటిది చంపినవాడి చేతిలోని ఆయుధానికి నకలు. రెండవది చనిపోయినవాడి ఒంటిమీద ఆఖరి క్షణంలో ఉన్న గుడ్డకు నకలు. ఒక మనిషి నెత్తురు కారి చచ్చిపోతే, ఏడాది తిరగకుండానే ఆ చావు పిల్లల ఆటవస్తువైంది, పెద్దల నవ్వులాటైంది.

ఈ సరుకును తయారు చేసిన కార్ఖానా ఏది? 'ఎల్లో జర్నలిజం' అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకోవచ్చు. బూర్జువా పత్రికల లాభాపేక్షను నాలుగు వాక్యాల్లో ఖండించి వ్యాసం ముగించవచ్చు. కానీ ఈ కేసులో ఆ సౌకర్యం మనకు లేదు. ఎందుకంటే ఈ సంచలనానికి సారథ్యం వహించిన పత్రిక మనకు పరాయిది కాదు. అది సామ్రాజ్యవాదాన్ని ఎదిరించిన పత్రిక. గుత్తపెట్టుబడిదారుల గుట్టు బయటపెట్టిన పత్రిక. అభ్యుదయ రచయితల ఉద్యమంలో అగ్రగణ్యుడైన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ దశాబ్దాలపాటు చివరి పేజీ రాసిన పత్రిక. ఆర్.కె. కరంజియా సంపాదకత్వంలో 1941 నుంచి వెలువడిన 'బ్లిట్జ్'. కాబట్టి ఈ చరిత్రను పరిశీలించడమంటే ఎదుటివాడి నేరాన్ని విచారించడం కాదు, మన ఇంటి లెక్క మనం చూసుకోవడం.

ముందు జరిగినదేమిటో చూద్దాం. నౌకాదళ కమాండర్ కవాస్ మానెక్‌షా నానావతి సముద్రయానం ముగించుకుని 1959 ఏప్రిల్‌లో ఇంటికి వచ్చాడు. ఏప్రిల్ 27 మధ్యాహ్నం భార్య తాను ప్రేమ్ ఆహుజా అనే మోటారుకార్ల వ్యాపారిని ప్రేమిస్తున్నానని చెప్పింది. నానావతి భార్యాపిల్లలను సినిమా హాలు దగ్గర దింపాడు. తన ఓడకు వెళ్ళాడు. రాత్రివేళ ఒంటరిగా అహ్మద్‌నగర్ దాకా కారులో వెళ్ళాలని సాకు చెప్పి రివాల్వరూ ఆరు తూటాలూ తీసుకున్నాడు. ఆహుజా ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ లేడని తెలిసి ఇంటికి వెళ్ళాడు. నేరుగా పడకగదిలోకి వెళ్ళాడు. స్నానం చేసి తువాలు చుట్టుకుని ఉన్న మనిషి మీద తూటాలు పేలాయి. ఆ తర్వాత నానావతి తనంత తానే లొంగిపోయాడు.

పెనుగులాటలో తుపాకి పేలిందని ముద్దాయి పక్షం వాదించింది. కావాలని చేసిన హత్య అని ప్రాసిక్యూషన్ వాదించింది. తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది నానావతి నిర్దోషి అన్నారు. సెషన్సు జడ్జి ఆ నిర్ణయాన్ని అంగీకరించక కేసును హైకోర్టుకు నివేదించాడు. 1960 మార్చి 11న బొంబాయి హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

'బ్లిట్జ్' ఈ కేసు వివరాలను అచ్చువేసి ఊరుకోలేదు. విచారణ నడుస్తుండగానే ఒక కథ అల్లింది. అందులో నానావతి దేశరక్షకుడు, నిరాడంబరుడైన మధ్యతరగతి ఉద్యోగి, వంచితుడైన భర్త. ఆహుజా డబ్బు మదంతో ఇతరుల సంసారాలు కూల్చే విలాసపురుషుడు. పావలా పత్రిక రెండు రూపాయలు పలికిందంటారు. శిక్ష పడిన తరువాత క్షమాభిక్ష కోసం కూడా ఆ పత్రికే ఉద్యమం నడిపింది.

ఈ కథలో ఉన్న అసలు మోసాన్ని మనం జాగ్రత్తగా పట్టుకోవాలి. పాఠకుడికి అందులో వినిపించేది వర్గభాష. ఒకవైపు ఉద్యోగి, మరొకవైపు వ్యాపారి. ఒకవైపు కర్తవ్యం, మరొకవైపు డబ్బు. వ్యాపారిని ద్వేషించడం ప్రగతిశీలమే కదా అని పాఠకుడు సంతృప్తి పడతాడు. కానీ ఆ పైపూత కింద ఉన్న విలువ ఏది? భార్య భర్త ఆస్తి అనీ, ఆ ఆస్తి మీద చెయ్యి వేసినవాణ్ణి చంపే హక్కు యజమానికి ఉందనీ చెప్పే విలువ. ఇది నికార్సైన భూస్వామ్య విలువ. అభ్యుదయం మాటలను అరువు తెచ్చుకుని భూస్వామ్య నీతి ఊరేగింది. ఊరేగించింది మనవాళ్ళు.

ఈ కథలో ఇద్దరికి నోరు లేకుండా పోయింది. ఒకరు చనిపోయినవాడు. అతని నడవడి మంచిదని ఎవరూ అనక్కరలేదు. మంచివాణ్ణి చంపితేనే హత్య, చెడ్డవాణ్ణి చంపితే కాదు అని చట్టమూ చెప్పదు, మానవత్వమూ చెప్పదు. కానీ చనిపోయినవాడి శీలాన్ని విచారణకు పెడితే చంపినవాడి చేతలు వెనక్కి పోతాయని ప్రతి సంచలన పత్రికకూ తెలుసు. రెండవవారు ఆ స్త్రీ. ఆమె రాసుకున్న ఉత్తరాలు కోర్టులో సాక్ష్యమయ్యాయి, వీధిలో వినోదమయ్యాయి. ఆమెను ఒక వ్యక్తిగా, తన జీవితం గురించి తాను ఆలోచించుకోగల మనిషిగా చూసినవాళ్ళు అరుదు. ఆమె మోసపోయినదైనా కావాలి, మోసగత్తె అయినా కావాలి. అందుకే ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరును అప్పుడే చాలినంత అమ్ముకున్నారు.

1961 నవంబర్ 24న సుప్రీంకోర్టు హైకోర్టు శిక్షను ఖాయం చేసింది. ఆ తీర్పు రాసినది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. తెలుగు సాహిత్య విద్యార్థులు ఆ తీర్పును ఒక గద్యరచనగా కూడా చదవాలని నా మనవి. అందులో వీరుడూ లేడు, దుర్మార్గుడూ లేడు. గడియారం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నానావతి ఇల్లు విడిచాడు, నాలుగూ ఇరవైకి హత్య జరిగింది. ఈ మధ్య దాదాపు మూడు గంటల్లో సినిమా హాలూ, ఓడా, ఆఫీసూ వచ్చాయి. మనిషి తనను తాను అదుపులోకి తెచ్చుకోవడానికి చాలినంత వ్యవధి ఉంది కనుక ఆకస్మికోద్రేకమనే వాదన నిలవదన్నది కోర్టు నిర్ణయం. ఇక పెనుగులాట సంగతి. నిజంగా పెనుగులాడి ఉంటే ఆ తువాలు ఊడిపోవాలి. అది ఊడలేదు, వదులు కాలేదు.

తువాలు! కోర్టులో అది చనిపోయినవాడి తరఫున నిలబడిన మూగసాక్షి. వీధిలో అదే తువాలు ఎగతాళి వస్తువు. సాక్ష్యానికీ సంచలనానికీ ఉన్న తేడాను ఇంతకన్న స్పష్టంగా ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేదు. వస్తువు ఒకటే. దాన్ని చూసే కన్ను వేరు.

అయితే జ్యూరీ తీర్పుకు పత్రిక ఒక్కటే కారణమనడం అన్యాయం. సెషన్సు జడ్జి జ్యూరీకి చేసిన వివరణలోనే లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది. భారతదేశంలో జ్యూరీ విధానం రద్దు కావడానికి ఈ కేసే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదీ పూర్తి నిజం కాదు. నానావతి తుపాకి పేలకముందే, 1958లో లా కమిషన్ తన పద్నాలుగవ నివేదికలో జ్యూరీని రద్దు చెయ్యాలని సిఫార్సు చేసింది. సంచలనం తన చరిత్రను కూడా సంచలనంగానే రాసుకుంటుంది!

రాజ్యం పాత్రనూ మరువకూడదు. హైకోర్టు శిక్ష వేసిన రోజే గవర్నర్ ఆ శిక్ష అమలును నిలిపివేసి ముద్దాయిని నౌకాదళ నిర్బంధంలోనే ఉంచాడు. ఆ ఉత్తర్వు అధికారపరిధిని దాటిందని 1960 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 1964లో గవర్నర్ విజయలక్ష్మీ పండిత్ క్షమాభిక్ష ఇచ్చింది. 1968లో నానావతి కుటుంబం కెనడా వెళ్ళిపోయింది. యావజ్జీవ శిక్ష పడిన ఎందరు కూలీలకు, ఎందరు రైతులకు ఒక పత్రికా, ఒక నౌకాదళమూ, ఒక గవర్నరూ ఇలా తోడు నిలిచారు?

ఇక మన నేలకు వద్దాం. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. తాగునీటి చెరువును పాడుచేస్తుంటే ఒక దళిత స్త్రీ అభ్యంతరం చెప్పడం దానికి తక్షణ కారణం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టడానికీ, తీర్పు రావడానికీ 2007 దాకా పట్టింది. పదహారేళ్ళు. 2014లో హైకోర్టు ముద్దాయిలందరినీ విడుదల చేసింది. ఈ పదహారేళ్ళలో ఏ ఆటవస్తువులూ అమ్ముడుపోలేదు. ఏ పత్రికా రెట్టింపు ధర పలకలేదు. హత్యాకాండను 'ఇరువర్గాల ఘర్షణ' అని రాసే అలవాటు మాత్రం మన పత్రికలను ఇంకా వదల్లేదు. ఒక్క చావుకు వెయ్యి శీర్షికలు, ఎనిమిది చావులకు ఒక అంకె. సంచలనమంటే అతిగా రాయడమే అనుకుంటాం. ఎవరి గురించి రాయకూడదో నిర్ణయించడం కూడా సంచలనంలో భాగమే.

పేదవాడు సంచలనంలోకి రాడా అంటే, వస్తాడు. ముద్దాయిగా వస్తాడు. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఒక విద్యార్థినిని చంపారు. అప్పటికి ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్ళు మన ఇళ్ళలోకి వచ్చేశాయి. మరుసటి ఏడాది పోలీసులు ఒక నిరుపేద దళిత యువకుణ్ణి పట్టుకుని హంతకుడు ఇతడేనన్నారు. 2010లో అతనికి శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతని యౌవనంలో ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. అరెస్టు నాడు ముఖాన్ని వందసార్లు చూపిన తెర విడుదల నాడు ఎన్నిసార్లు చూపింది? ఆ అమ్మాయి తల్లిదండ్రులకు అసలు హంతకుడెవరన్న జవాబు ఆ తీర్పుతో కూడా రాలేదు. అంటే సంచలనం ముద్దాయికే కాదు, హతురాలికీ ద్రోహం చేసింది. తొందరపాటు తీర్పు దొంగకు తలుపు తీసి, దారిన పోయేవాణ్ణి కట్టేస్తుంది.

దీనికి చట్టం ఉంది గదా అనేవారున్నారు. 1971 నాటి కోర్టుధిక్కార చట్టం ప్రకారం మామూలుగా ఛార్జిషీటు దాఖలైన తరువాతే క్రిమినల్ విచారణ పెండింగులో ఉన్నట్టు లెక్క. పత్రికలు, ఛానళ్ళు విరుచుకుపడేది అంతకన్న ముందే, అరెస్టు వేళ. ఆ రక్షణ అరెస్టు నుంచే మొదలు కావాలని లా కమిషన్ 2006లో తన రెండువందలవ నివేదికలో సూచించింది. కానీ నోరు మూయించే అధికారం రాజ్యం చేతికిస్తే అది ముందు ఎవరి నోరు మూయిస్తుందో మనకు అనుభవమే. చట్టం కన్న ముందు రాసేవాడి చెయ్యి నియమం నేర్చుకోవాలి.

ఆ నియమం ఎలా ఉంటుందో ఊహించుకోనక్కరలేదు. మన దగ్గరే ఒక ప్రక్రియ ఉంది: పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదిక. కారంచేడు, చుండూరు హత్యాకాండల గురించి నిలిచే సత్యం ఎక్కువగా అలాంటి కరపత్రాల్లోనే మిగిలింది. అందులో ఊరి భూమి ఎవరి చేతిలో ఉందో ఉంటుంది. కూలి రేటు ఎంతో ఉంటుంది. ఎవరు ఏం చూశారో, ఎవరు వినికిడి మాట చెప్పారో వేరుగా ఉంటుంది. పోలీసులు ఎప్పుడు వచ్చారో ఉంటుంది. శవం వర్ణన అవసరమైనంతే ఉంటుంది. మన సాహిత్య విమర్శ నవలనూ కథానికనూ కొలిచినంత శ్రద్ధగా ఈ గద్యాన్ని ఎప్పుడూ కొలవలేదు. అది మన లోపం.

హత్య గురించి రాయవద్దని ఈ వ్యాసం చెప్పడం లేదు. మౌనం కూడా ఒక పక్షమేనని పైన చూశాం. రాయాలి. కానీ కలం పట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చనిపోయిన మనిషి నా రచనలో మనిషిగా మిగిలాడా, లేక ఎవరి కథకో ముడిసరుకయ్యాడా? ముద్దాయి రేపు నిర్దోషి అని తేలితే ఇవాళ నేను రాసిన వాక్యం తలెత్తుకుని నిలబడగలదా? నేను వాడుతున్న న్యాయం, ప్రజలు, వర్గం అనే మాటలు నిజంగా ఆ పని చేస్తున్నాయా, లేక మరొక విలువకు ముసుగవుతున్నాయా?

మొదటి రెండు ప్రశ్నలు పాత్రికేయులందరికీ చెందినవి. మూడవది ప్రత్యేకంగా మనది. 1959లో 'బ్లిట్జ్' ఆ ప్రశ్న వేసుకోలేదు.