ఉక్కులో నానో గొట్టాలున్నాయట!

2008 జనవరిలో విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 95వ సమావేశాలు జరిగాయి. అక్కడ మాట్లాడినవాళ్ళలో రాబర్ట్ కర్ల్ ఒకరు. ఫుల్లరీన్లు కనిపెట్టినందుకు 1996లో రసాయనశాస్త్రం నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. భారతీయ కమ్మరులు శతాబ్దాల కిందటే తమకు తెలియకుండా కార్బన్ నానో టెక్నాలజీ వాడారని ఆయన అన్నదాని సారాంశం. అది ఫార్వర్డ్ మెయిళ్ళలోకి వచ్చేసరికి 'తెలియకుండా' అన్న ముక్క ఎగిరిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో అయితే మన తాతలు మైక్రోస్కోపులు పెట్టుకుని కొలిమి ఊదారన్నంత వరకూ వెళ్ళింది.

నాకు ఆ ఫార్వర్డు మీద కోపం ఎందుకంటే, దాని వెనక ఇంకా మంచి కథ ఒకటుంది. అది మా రోడ్డు కథ కూడా. మాది గుణదల. బందరు రోడ్డు మాకు కూతవేటు కాకపోయినా ఆటో దూరం. హైదరాబాదు నుంచి బెజవాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి వెళ్ళి ఆగేది బందరులోనే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియాకి ఓడెక్కిన రేవుల్లో అదొకటి. డచ్చివాళ్ళు 1605 నుంచి అక్కడ మకాం వేశారు. కోరమాండల్ తీరం నుంచి పోయిన ఉక్కు ముద్దలు వేలల్లో, పదివేలల్లో ఉండేవి. వజ్రాలూ కలంకారీ గుర్తున్నాయి మనకి. ఉక్కు మాత్రం గుర్తులేదు.

ఆ ఉక్కు తయారైన ఊళ్ళలో పేరున్నది కోనసముద్రం, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో. లాంబ్టన్ సర్వేలో పనిచేసిన వోయ్‌సీ అనే డాక్టరు 1820లో అక్కడ ఆ పని కళ్ళారా చూసి రాసుకున్నాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుముని లెక్క ప్రకారం కలిపి, మట్టి మూసలో పెట్టి, గాలి దూరకుండా మూసి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారట. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే కూర్చుని సరుకు చూసుకుంటున్నాడు. ఇంత దూరం ఎందుకయ్యా వచ్చావంటే, మా దేశంలో చేద్దామని చూశాం, కుదరలేదు అన్నాడట. ఆ మూసల మట్టిలో వడ్ల ఊక కలిపేవారు. ఊక కాలి, మూస పెళుసుబారకుండా నిలబెట్టేది. మన ఊక!

ఇంగ్లీషువాళ్ళు ఈ ఉక్కుని 'ఊట్జ్' అన్నారు. మన 'ఉక్కు'కి (కన్నడంలోనూ అదే మాట) వచ్చిన వంకర అది. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దాని మీద పేపరు చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారితో కలిసి దాని గుట్టు లాగుదామని 1819 నుంచి కొన్నేళ్ళు తంటాలు పడ్డాడు. లాభం లేకపోయింది.

ఇక 2006. జర్మనీలో డ్రెస్డెన్‌కి చెందిన పౌఫ్లర్ బృందం, స్విట్జర్లాండులో బెర్న్ మ్యూజియంలో ఉన్న 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్క ఒకటి తీసుకుని ఆమ్లంలో కరిగించింది. ఇనుము కరిగిపోగా మిగిలినదాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే కార్బన్ నానో గొట్టాలు, వాటి లోపల సిమెంటైటు (అంటే ఇనుమూ కార్బనూ కలిసిన గట్టి పదార్థం) తీగలు కనిపించాయి. అది 'నేచర్'లో వచ్చింది. ఆ పేపరు చదివింది కత్తిని. ఆ కత్తి ముద్ద కోనసముద్రానిదే అని అందులో ఎక్కడా లేదు. మనవాళ్ళ ఫార్వర్డుల్లో మాత్రం ఉంది.

అసలు ఇనుములో నానో గొట్టం ఎలా పుడుతుంది? ఇక్కడ కాస్త కెమిస్ట్రీ తప్పదు, ఓపిక పట్టండి. పెన్సిల్లో ఉండే గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక్క పొరని విడదీస్తే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ మామూలు అంటించే టేపుతో ఆ పని చేసి 2010లో నోబెల్ కొట్టారు. పొరని చాపలా చుడితే నానో గొట్టం. తేనెపట్టు గడుల్లాంటి ఆ వలలో ప్రతి కార్బన్ పరమాణువూ మూడు చేతులతో పక్కవాళ్ళని పట్టుకుని ఉంటుంది. నాలుగో ఎలక్ట్రాన్ పొరకి పైనా కిందా మబ్బులా అందరిదీ అయిపోతుంది.

ఇప్పుడు ఆ పొర మీద ఒక లోహపు పరమాణువుని పెట్టండి. 2008లో చాన్, నీటన్, కోహెన్ అనే ముగ్గురు 12 లోహాలకి ఈ లెక్క కట్టారు. బంగారానికి ఆ పొర మీద పట్టు సుమారు 0.1 ఎలక్ట్రాన్ వోల్టు. సాటి బంగారంతో కలిస్తే 3.8. ఇంక అది కార్బన్ని పట్టుకుని ఎందుకుంటుంది? తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయి ముద్ద కడుతుంది. లిథియం తీరు వేరు. దాని ఎలక్ట్రాన్ని పొరకి ఇచ్చేసి, గడి నడిమధ్య కూర్చుంటుంది. పట్టు సుమారు 1.1. మీ ఫోన్ బ్యాటరీ చార్జింగ్ అవుతున్నప్పుడు గ్రాఫైటు పొరల మధ్య జరిగేది ఇలాంటిదే, ఆరు కార్బన్లకి ఒక లిథియం దాకా.

ఇనుము నడిమి రకం. దాని ఎలక్ట్రాన్లు ఆ మబ్బుతో అల్లుకుంటాయి, పట్టు 0.75. సొంతవాళ్ళతో మాత్రం 4.3. కాబట్టి చదునుగా ఉన్న పొర మీద ఇనుము కూడా నిలకడగా ఉండదు. కానీ పొరలో ఒక కార్బన్ ఊడిపోయి గుంట పడిందనుకోండి. పట్టుకోవడానికి ఎవరూ లేని చేతులు అక్కడ ఖాళీగా ఉంటాయి. అక్కడ ఇనుము పట్టు సుమారు 7కి పోతుంది! అంచుల దగ్గరా అంతే, ఖాళీ చేతులున్నాయి కాబట్టి పట్టు బలం. అంటే ఇనుముకి పొర మైదానంలో పనిలేదు, గట్టు మీదే పని.

నానో గొట్టం పెరగడంలో కిటుకంతా ఈ గట్టే. వేడి ఇనుములో కార్బన్, నీళ్ళలో పంచదారలా కరుగుతుంది. ఎక్కువైతే వలగా బయటికొస్తుంది. వల అంచుని ఇనుము పట్టుకునే ఉంటుంది కాబట్టి మూతి మూసుకుపోదు, గొట్టం సాగుతూ పోతుంది. బంగారానికి అంత పట్టు లేదు. టైటేనియంది ఉడుంపట్టు, కార్బన్ని మింగి కార్బైడు చేసుకుంటుంది. ఇనుము, కోబాల్టు, నికెల్ సరిగ్గా మధ్యన ఉంటాయి. 1993లో ఒకే పొర గొట్టాలు తయారైంది జపాన్లో ఇజిమా బృందం వాడిన ఇనుముతో, ఐబీఎంలో బెతూన్ బృందం వాడిన కోబాల్టుతో.

సరే, కోనసముద్రం లాంటి ఉక్కులో కార్బన్ నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా ఉంటుంది. దాన్ని కాల్చి, సాగగొట్టి, మళ్ళీ కాల్చి కత్తి చేస్తే లోపల గొట్టాలు పుట్టవచ్చని పౌఫ్లర్ వాదన. ఈ ఉక్కుతోనే ఏళ్ళ తరబడి గడిపిన అయోవా ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్ దాన్ని అప్పుడే అనుమానించాడు. సిమెంటైటు తనంతట తానే తీగల్లా ఉండగలదు, చుట్టూ గొట్టం ఉండి తీరాలనేం లేదు అన్నాడు. ఆయన వాదన నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఆయన చేసి చూపించాడు. ఫ్లోరిడాలో గుర్రపు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రేతో కలిసి అచ్చు అలాంటి అలల కత్తిని తయారుచేశాడు. 1998లో వాళ్ళు తేల్చింది ఏమిటంటే, ఆ అలలకి కారణం ఖనిజంలో దొంగచాటుగా వచ్చే వెనేడియం. పది లక్షల పాళ్ళలో 40 పాళ్ళున్నా చాలట.

ఆ 40 పాళ్ళ సంగతి కోనసముద్రం కమ్మరికి తెలియదు. తెలిసిందల్లా ఫలానా చోటి ఇనుమే వాడాలని, రెండూ ఫలానా లెక్కలో కలపాలని. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో వందల ఏళ్ళు నడిచిన సిస్టమ్, ఒక్క పేజీ డాక్యుమెంటేషన్ లేదు. వెర్‌హోవెన్ ఊహ ప్రకారం ఖనిజం మారింది, ఇన్‌పుట్‌లో వెనేడియం ఆగిపోయింది. కమ్మరి తాత చేసినట్టే చేశాడు, అలలు రాలేదు. ఎక్కడ పోయిందో వెతకడానికి లాగ్ ఫైలు లేదు. ఒకటి రెండు తరాల్లో పని తెలిసినవాళ్ళూ అయిపోయారు. దానికి తోడు ఇంగ్లండు నుంచి చవక ఉక్కు, ఇక్కడ అడవుల మీద ఆంక్షలు.

అయితే రాతలు లేవంటే ఏమీ మిగల్లేదని కాదు. ఉత్తర తెలంగాణ ఇనుప పరిశ్రమ మీద ఎస్. జైకిషన్ ఊరూరా తిరిగి పరిశోధన చేశారు. 2010లో గిల్ జులెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్‌ల బృందం ఆ జిల్లాల్లో సర్వే చేసింది. చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసల పెంకులు చాలా ఊళ్ళలో బయటే పడున్నాయి. పెంకుల్లో ఊక అచ్చులు కనిపిస్తాయి. చాలా చోట్ల పొలాలు చదును చేస్తూ ఆ దిబ్బలు తవ్వేస్తున్నారు.