'డాడ్' సరే, 'అంకుల్' సంగతేమిటి?

పిల్లలు నాన్నను 'డాడ్' అంటే మనలో కొందరికి మనసు చివుక్కుమంటుంది. అదేమీ నిన్నటి పోకడ కాదు. 16వ శతాబ్దం నాటికే ఇంగ్లీషువారి ఇళ్లలో ఉన్న మాట.

ఆలోచించవలసింది 'అంకుల్' గురించి. ప్రాచీన ఆంగ్లంలో మేనమామ 'ఏఆమ్', తండ్రి సోదరుడు 'ఫ్యాదెర'. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక, ఫ్రెంచి నుంచి వచ్చిన 'అంకుల్' క్రమంగా ఆ రెంటినీ మింగేసింది. దాని లాటిన్ మూలానికి అర్థం మేనమామే! 'మైన్ అంకుల్'లోని నకారం జారి 'నంకుల్' అనే చనువు పిలుపూ పుట్టింది. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'లో విదూషకుడు రాజును అలాగే పిలుస్తాడు.

'డాడ్' అన్నా నాన్న నాన్నే. మామయ్య, బాబాయి, పెదనాన్న ముగ్గురూ 'అంకుల్' అయిపోతే మాత్రం, ఇంగ్లీషువారు పోగొట్టుకున్నదే మనమూ పోగొట్టుకుంటాం.