యంత్రాల దొడ్డిగుమ్మం

నగలో రాయిని పొదిగినట్లు ఒక యంత్రంలో చిన్న కంప్యూటరును పొదిగితే దానిని ఎంబెడెడ్ సిస్టం అంటారు. సంస్కృతం వైపు వెళితే మనకు 'ఖచితం' అనే చక్కని మాట ఉన్నది. రత్నఖచితం అన్నట్లే గణకఖచితం అనవచ్చు. కానీ ఆ పని చేసి బ్రతికేవారెవరూ అలా అనరు కనుక నేను పట్టుబట్టను. బట్టలుతికే యంత్రంలో, కరెంటు మీటరులో, వీధి గుమ్మం మీది కెమెరాలో, కొందరి గుండె పక్కన కూడా ఇటువంటి గణకం కూర్చుని ఉన్నది. దాని చరిత్ర అంతా ఒక టపాలో ఇమడదు. అందులో నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న ఒక పాయను మాత్రం చదువరుల ముందు పెడతాను.

మన పాత ఇళ్ళకు వీధి గుమ్మంతో పాటు దొడ్డిగుమ్మం ఉండేది. చుట్టాలు ముందు నుంచి వస్తారు; నీళ్ళు మోసేవారు, కట్టెలు కొట్టేవారు దొడ్డిదారిన వస్తారు. అది లేకపోతే ఇంట్లో పని జరగదు, గడియ వేయడం మరిస్తే ఇల్లు దక్కదు. యంత్రాలకు కూడా అటువంటి గుమ్మం ఒకటి ఉన్నది. దానిని పెట్టినవారు దొంగలు కారు, పనివారే.

మొదట్లో ఆ గుమ్మం లేదు. చంద్రుని మీదికి మనుషులను తీసుకువెళ్ళిన అపోలో నౌకలోని గణకానికి ప్రోగ్రాములు వ్రాసినవారు అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలవారు. వ్రాసినదానిని యంత్రంలోకి ఎక్కించిన విధానం వింటే మన చేనేతవారు మెచ్చుకుంటారు. దానిని తీగతో నేశారు! మాసచూసెట్స్ రాష్ట్రంలోని వాల్థం అనే ఊళ్ళో ఒక కర్మాగారంలో స్త్రీలు కూర్చుని, సన్నని రాగితీగను చిన్న చిన్న అయస్కాంతపు వలయాలలో నుంచి దూర్చేవారు. తీగ వలయం లోపలి నుంచి పోతే ఒకటి, బయటి నుంచి పోతే సున్న. అటువంటి నేతతో 36,864 పదాల జ్ఞాపకం తయారయింది. ఒకసారి నేసిన తరువాత మార్చాలంటే విప్పి మళ్ళీ నేయవలసిందే.

1971 ఫిబ్రవరిలో అపోలో-14 చంద్రుని చుట్టూ తిరుగుతుండగా, దిగడాన్ని రద్దు చేసే మీట ఎవరూ నొక్కకుండానే నొక్కినట్లు సంకేతం ఇవ్వసాగింది. లోపల ఎక్కడో టంకం ముక్క ఊడి తగులుతున్నదని ఊహించారు. అలాగే దిగితే నడిమధ్యలో గణకం దిగడం మానుకుని నౌకను పైకి లేపేస్తుంది. నేసిన ప్రోగ్రామును మార్చే వీలు లేదు. ఎం.ఐ.టి.లో డాన్ ఐల్స్ అనే యువకుడు కొద్ది గంటలలో ఒక ఉపాయం కనిపెట్టాడు. గణకం ఆ మీటవైపు చూడకుండా ఉండేటట్లు కొన్ని అంకెలను వ్యోమగాములే తమ చేతులతో నొక్కాలి. రేడియోలో ఆ అంకెలను చదివి వినిపించారు, వారు నొక్కారు, షెపర్డ్, మిచెల్ చంద్రుని మీద దిగారు. దూరాన ఉన్న ఆ యంత్రానికి ఇక్కడి నుంచి వైద్యం చేయడానికి ఆసారి మధ్యన ఒక మనిషి వేళ్ళు కావలసి వచ్చాయి.

అదే సంవత్సరం నవంబరులో ఇంటెల్ సంస్థ 4004 అనే చిప్పును అమ్మకానికి పెట్టింది. జపాను దేశపు బిజికాం వారి లెక్కల యంత్రం కోసం చేసిన ఆ చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. అక్కడి నుంచి ఎంబెడెడ్ ఇంజనీరు అనే వృత్తి విస్తరించింది. ట్రాఫిక్ దీపం, తూనిక యంత్రం, టీవీ రిమోటు, ఇలా ఒక్కొక్కటిగా వచ్చాయి. చిప్పులో ప్రోగ్రాము పోసి, మూత బిగించి, అమ్మి మరచిపోయే కాలం అది. నా అభిప్రాయంలో ఆ వృత్తికి అదే నిశ్చింతాశ్రమం.

ఇక 1997. ఆ సంవత్సరం జూలై 4న మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుని మీద దిగింది. వెలుతురుకే పది నిమిషాలు పైబడి పట్టే దూరం. దిగిన కొద్దిరోజులకు దాని గణకం ఉన్నట్టుండి ఆగిపోయి, తనంతట తానే మళ్ళీ మొదలు కాసాగింది. అలా జరిగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పని మరునాటికి వాయిదా పడేది.

కారణం ఏమిటో బడిపంతులుగా నాకు తెలిసిన భాషలో చెబుతాను. హెడ్మాస్టరుగారికి అత్యవసరంగా బీరువాలోని రిజిస్టరు కావాలి. బీరువా తాళంచెవి అటెండరు దగ్గర ఉన్నది; అతడు అందులోని తన పని ముగించి ఇచ్చేస్తాడు. కానీ అతడు ముగించేలోగా ఒక ఉపాధ్యాయుడు వచ్చి "ఇదిగో, ముందు ఈ సుద్దముక్కలు తీసుకురా" అంటాడు, అతడు పంపిన తరువాత మరొకరు పిలుస్తారు. ఆ ఉపాధ్యాయులకు బీరువాతో పనే లేదు. అటెండరు కన్నా పెద్దవారు గనుక వారి మాట చెల్లుతుంది. ఫలితంగా అందరికన్నా పెద్దవాడైన హెడ్మాస్టరు అందరికన్నా చిన్నవాని కోసం కాచుకుని కూర్చున్నాడు. అంగారకుని మీద జరిగినది సరిగ్గా ఇదే. వాతావరణపు వివరాలు సేకరించే చిన్న పని తాళంచెవి పట్టుకున్నది; సమాచారాన్ని అటూయిటూ చేరవేసే అతి ముఖ్యమైన పని దాని కోసం ఆగింది; నడిమి తరగతి పనులు చిన్నదానిని కదలనివ్వలేదు. ముఖ్యమైన పని వేళకు ముగియలేదని గమనించి, ఏదో ప్రమాదమని తలచి గణకం తనను తాను ఆపి మొదలుపెట్టుకునేది.

దీనికి మందు అంతకుముందే ఉన్నది. హెడ్మాస్టరు కోసం తాళంచెవి పట్టుకుని ఉన్నంతసేపు అటెండరుకు కూడా హెడ్మాస్టరు హోదా ఇవ్వాలి. అప్పుడు అతనిని ఎవరూ మధ్యలో పిలవలేరు. 1990లో ల్యూయీ షా, రాజ్‌కుమార్, లెహోకీ అనే ముగ్గురు పండితులు ఈ పద్ధతిని సశాస్త్రీయంగా నిరూపించి ప్రచురించారు. పాత్‌ఫైండర్‌లోని వీఎక్స్‌వర్క్స్ వ్యవస్థలో ఆ ఏర్పాటు సిద్ధంగానే ఉండి, ఆ ఒక్కచోట మాత్రం తెరవకుండా ఉండిపోయింది. గ్లెన్ రీవ్స్ నాయకత్వంలోని ఇంజనీర్లు భూమి మీది నకలు యంత్రంలో అదే తెగులును రప్పించి, కారణం పట్టుకుని, చిన్న సవరణను రేడియో తరంగాల మీద అంగారకునికి పంపారు. రోగం కుదిరింది.

ఇక్కడ చదువరులు ఒక విషయం గమనించాలని మనవి. వారు తెగులును పట్టగలిగారంటే, పరీక్షల కాలంలో వాడిన పరిశీలన సాధనాలను ఎగిరే ముందు తీసివేయకుండా ఉంచినందువల్ల. సవరించగలిగారంటే, బయటి నుంచి లోపలి ప్రోగ్రామును మార్చే దారి ఉంచినందువల్ల. అదే దొడ్డిగుమ్మం. అంగారకుని మీద దానివల్ల మేలే జరిగింది, ఎందుకంటే అక్కడ దొడ్లోకి వచ్చే దొంగ లేడు.

భూమి మీద అప్పటికే యంత్రాలు తీగల వెంట ప్రపంచానికి కనబడడం మొదలైంది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కాఫీ కోసం మెట్లు దిగి వచ్చి ఖాళీ పాత్ర చూసి విసిగినవారు ఆ పాత్రకు ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. 1993లో ఆ బొమ్మ అంతర్జాలానికి ఎక్కింది. 2001 ఆగస్టులో ఆపివేసే వరకు ఎక్కడెక్కడివారో ఒక కాఫీ పాత్రను చూస్తూ కూర్చున్నారు! ఆ కెమెరాకు తాళం వేయాలన్న తలంపు ఎవరికీ రాలేదు. కాఫీని ఎవరు దొంగిలిస్తారు?

ఆ అమాయకత్వమే పాతికేళ్ళ పాటు కర్మాగారాలలో వంశపారంపర్యంగా సాగినట్లు నాకు తోస్తుంది. చవక కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు లక్షలుగా తయారయ్యాయి. పరీక్షించేవాని సౌకర్యం కోసం ప్రతిదానిలోనూ టెల్‌నెట్ అనే పాత దారి ఒకటి తెరిచి ఉంచారు. అన్నిటికీ ఒకటే పేరు, ఒకటే సంకేతపదం. కొన్నిటిలో యజమాని మార్చాలనుకున్నా మారదు. ఫర్మ్‌వేర్‌లోనే పోతపోసి ఉన్నది. 2016లో 'మిరాయ్' వచ్చింది. (జపాను భాషలో భవిష్యత్తు అని అర్థం, 2025లో ఆ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదు.) దానిని వ్రాసిన ముగ్గురు అమెరికన్ యువకులు చేసిన పని చాలా సులభమైనది. కర్మాగారాలు పెట్టిన అరవైకి పైబడిన పేరు-సంకేతపదాల జంటలను జాబితాగా పెట్టుకుని, కనబడిన ప్రతి యంత్రం తలుపూ తట్టడమే. ఉచ్ఛదశలో ఆరు లక్షల యంత్రాలు వారి సేనలో చేరాయి. ఆ ప్రోగ్రామును వారు బయటపెట్టిన తరువాత, అక్టోబరు 21న, ఇంకెవరో దానితో డిన్ అనే సంస్థపై దాడి చేస్తే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద చోట్లు అమెరికా తూర్పు తీరంలో గంటల తరబడి అందలేదు. ఆ ముగ్గురూ 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు. తలుపులు తెరిచి అమ్మినవారిలో కటకటాలు లెక్కించినవారున్నట్లు నేనెక్కడా చదవలేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదులో ఇరవయ్యేళ్ళకు పైగా ఈ ఎంబెడెడ్ పనే చేస్తున్నాడు. ఛందస్సు వాడికి ఎప్పుడూ వంటబట్టలేదు కానీ గణవిభజన మాత్రం అందరికన్నా ముందు చేసేవాడు. వాడు ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో వ్యవసాయ మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్లు తయారుచేసేవాడు. పెట్టెలో ఒక సిమ్ము ఉంటుంది. రైతు ఇంటి నుంచి ఫోను చేసి అంకె నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది. రాత్రిపూట త్రీఫేజు కరెంటు వచ్చే రోజులలో, పాములున్న గట్ల మీద చీకట్లో నడవనక్కరలేకుండా చేసిన ఆ పెట్టె చిన్న ఉపకారం కాదు.

"మాస్టారూ, మరమ్మతుకు వెళ్ళేవాడి కోసం అన్ని పెట్టెలకూ ఒకటే సర్వీసు కోడ్ పెట్టాం. సిమ్ము నంబరు తెలిస్తే ఏ ఊరి మోటారునైనా తిప్పచ్చు. ఒకసారి ఒక రైతు మోటారు మూత విప్పి వైర్లు కలుపుతుంటే పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడెవడైనా ఆ కోడ్ కొడితే ఈయన గతేమిటని ఒళ్ళు జలదరించింది," అన్నాడు.

ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క కోడ్ పెట్టమని వాడు యజమానిని అడిగాడట. విడిభాగాల ఖర్చు పైసా పెరగదు. కానీ బల్ల మీద కూర్చుని అన్ని చిప్పులలోకీ ఒకటే ప్రోగ్రాము పోసే పనివాడు, ఇప్పుడు పెట్టె పెట్టెకూ వేరే అంకె ఎక్కించి, దానినే చీటీ మీద అచ్చువేసి మూత లోపల అతికించాలి. రోజుకు తయారయ్యే పెట్టెల సంఖ్య తగ్గుతుంది. ఆ వాదం తెగడానికి రెండేళ్ళు పట్టింది. మొత్తానికి చీటీలు వచ్చాయి. అంతకుముందు అమ్మిన పెట్టెలకు మాత్రం దారి లేదు, వాటిలో ప్రోగ్రామును దూరం నుంచి మార్చే ఏర్పాటే లేదు. దొడ్డిగుమ్మం ఉంటే ఒక భయం, లేకుంటే ఇంకొకటి.

గుండె పక్కన పెట్టే పేస్‌మేకరు విషయంలో ఈ సందిగ్ధం ఇంకా తీవ్రం. నార్వే దేశంలో కంప్యూటరు భద్రత రంగంలో పనిచేసే మారీ మో అనే ఆమెకు 2011లో పేస్‌మేకరు అమర్చారు. తన లోపలి యంత్రం ఎవరెవరితో మాట్లాడగలదో తెలుసుకోవాలని పత్రాలు వెతికితే, దానికి రెండు వైర్‌లెస్ మార్గాలున్నాయని తేలింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి లండన్‌లో స్టేషను మెట్లు ఎక్కుతుండగా యంత్రం ఆమె గుండె వేగాన్ని ఒక్కసారిగా సగానికి తగ్గించింది; ఊపిరి ఆడలేదు. శత్రువెవరూ లేరు. యంత్రాన్ని సరిదిద్దే ఆసుపత్రి పరికరంలో లోపం ఉండి, లోపల ఉన్న హద్దు ఒకటైతే తెర మీద వేరొకటి చూపింది. దొంగలకు భయపడి గుమ్మాన్ని పూర్తిగా మూసివేస్తే ఇటువంటి లోపాన్ని సవరించేదెలా? 2017 ఆగస్టులో అమెరికాలో 4,65,000 పేస్‌మేకర్లకు భద్రతా సవరణ ప్రకటించినప్పుడు మధ్యేమార్గం ఎంచుకున్నారు. రోగి ఆసుపత్రికి వెళ్ళి, వైద్యుని ఎదుట కూర్చుంటే మూడు నిమిషాలలో అయిపోతుంది. డాన్ ఐల్స్ నాటిలాగా మధ్యన మళ్ళీ ఒక మనిషి చేయి!

చట్టాలు ఆలస్యంగానైనా కదిలాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి అన్ని యంత్రాలకూ ఒకటే సంకేతపదం పెట్టి అమ్మడం చెల్లదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అదే నిబంధనతో పాటు, భద్రతా సవరణలు ఎంతకాలం ఇస్తారో తయారీదారు కొనేవానికి ముందే చెప్పాలి. మన దేశంలో కూడా 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి.

ఈ నిబంధనలలో నాకు అతి ముఖ్యంగా తోచినది ఆ కాలపరిమితి. నా శిష్యుడు ఇప్పుడు మరొక సంస్థలో ఉన్నాడు. కర్మాగారంలోనే ప్రతి చిప్పుకూ దాని సొంత తాళం ఎక్కించి, సంస్థ ముద్ర ఉన్న సవరణను మాత్రమే లోపలికి రానిచ్చే పద్ధతులు కూర్చడం వాడి పని. మోటారు పెట్టె పొలంలో పదిహేనేళ్ళుంటుంది. దానిని అమ్మిన సంస్థ అన్నాళ్ళుంటుందో లేదో. సంస్థ మూతపడితే ఆ ముద్ర వేసే తాళంచెవి ఎవరికి అప్పగించాలని వాడు తమ సమావేశంలో అడిగితే, ఆ ప్రశ్నను వచ్చే నెల సమావేశానికి వాయిదా వేశారట. అది జరిగి ఎనిమిది నెలలైంది.