చరిత్రకు ఎదురు వరస

తిరుపతిలో తెలుగు పాఠం చెప్పే నేను పిల్లలకు ముందు ఇచ్చేది నామిని ‘పచ్చనాకు సాక్షిగా’. ‘మన మాటలు గూడా పుస్తకంలో ఏస్తారా సార్?’ అంటారు. ఇంటి మాటంటే సిగ్గు పోయాక మధురాంతకం రాజారాం కథలు. ఆయనా చిత్తూరు జిల్లా పల్లె అయ్యవారే. 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు.

చివరికి కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’. చిత్తూరు పక్కన పుట్టిన మనిషి 1914లోనే పింగళి సూరనను తూచి చూస్తూ, వర్ణనల మోజులో పడ్డ ప్రబంధ కవులను నిలదీశారు.

కాలక్రమంలో ఇదే మొదటిది. అయినా చివర్లో ఇస్తాను. తన మాట మీద నమ్మకం లేనివాడు పెద్దల మాటను ఎట్లా ప్రశ్నిస్తాడు? ఈ వరసలో చదివినోళ్లు నా పాఠానికీ అడ్డం తగులుతారు. నాకు కావాల్సిందీ అదే.